అమానతుకు లెక్క అడిగిన మనిషి: డాక్టర్ ముహమ్మద్ ముసద్దిఖ్

(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సభలో జమాఖర్చుల పట్టిక చదవడానికి ముందు ఎవరో ఒక పెద్దమనిషి జీవితం గురించి కాసేపు మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈ ఏడు ఆ పని మాకు అప్పగించారు. ఎవరి గురించి చెప్పాలా అని చాలా రోజులు ఆలోచించాం. చివరికి 1951 నుంచి 1953 దాకా ఇరాన్ ప్రధానమంత్రిగా పనిచేసిన డాక్టర్ ముహమ్మద్ ముసద్దిఖ్ గురించి చెప్పాలని నిశ్చయించుకున్నాం. ఇరానీలు ఆ పేరును 'మొసద్దెగ్' అని పలుకుతారు. మన ఉర్దూ పలుకుబడిలో అది ముసద్దిఖ్. మనలో బాగా పెద్దవారు ఆ పేరు వినే ఉంటారు. పిల్లలకు మాత్రం కొత్త.

ధర్మసంస్థ సభలో రాజకీయ నాయకుడి కథ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కారణం ఉంది. ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. పదిమంది సొమ్ము ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఆ ఒక్కరు లెక్క చెప్పాలా, అక్కర్లేదా? ఈ ప్రశ్న ఇరాన్ చమురు బావులకు ఎంత వర్తిస్తుందో, మన సంస్థ రసీదు పుస్తకానికీ అంతే వర్తిస్తుంది.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మనం ఇచ్చే దానాన్ని సదఖా అంటాం. హజ్రత్ అబూబక్ర్ (రజి) గారిని సిద్దీఖ్ అంటాం. మార్కుల జాబితా నకలు మీద అధికారి సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇది అసలుకు సరిగ్గా ఉందని చెప్పడాన్ని ఉర్దూలో తస్దీఖ్ అంటాం. ముసద్దిఖ్ కూడా ఆ మాటల కుటుంబంలోదే. వీటన్నిటికీ వేరు ఒక్కటే. అది 'సిద్ఖ్', అంటే నిజం. దానానికీ నిజానికీ ఒకే వేరు ఉండటం మనం ఆలోచించవలసిన విషయం. ఇచ్చిన చేయి ఎంత మంచిదైనా, ఆ సొమ్ము నిజాయితీగా చేరవలసిన చోటికి చేరితేనే కదా దానికి సార్థకత!

ముసద్దిఖ్ 1882లో టెహ్రాన్ నగరంలో పుట్టారు. తండ్రి మీర్జా హిదాయతుల్లాహ్ ఖజానా శాఖలో పెద్ద ఉద్యోగి. తల్లి నజ్ముస్సల్తనహ్ రాజవంశీకురాలు. అబ్బాయికి పదేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. అప్పటి షా నాసిరుద్దీన్ ఆ పిల్లవాడికి 'ముసద్దిఖుస్సల్తనహ్' అనే బిరుదు ఇచ్చారు. మరి కొన్నేళ్ళకే, ఇంకా మీసాలు రాని వయసులో, ఖురాసాన్ రాష్ట్రానికి 'ముస్తౌఫీ' అయ్యారు. ముస్తౌఫీ అంటే రాష్ట్రంలో వసూలయిన శిస్తును, అయిన ఖర్చును రాసి సరిచూసే అధికారి. కుటుంబ వారసత్వంగా వచ్చిన పదవే. కానీ ఆ అబ్బాయి దాన్ని అలంకారంగా పెట్టుకోలేదు, కూర్చుని పని నేర్చుకున్నారు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు. మన తెలుగు ఊళ్ళలో రైతు నుంచి షావుకారు దాకా అందరూ వాడే ఈ మాటలన్నీ ఆ పారసీ దఫ్తరాల నుంచి మనకు వచ్చినవే. అంటే ఆయన చిన్న వయసులో నేర్చుకున్న విద్య మనకు పరాయిది కాదు.

1906లో ఇరాన్ ప్రజలు పోరాడి రాజ్యాంగం సాధించుకున్నారు. రాజు ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టడానికి, విదేశీయులకు ఇష్టం వచ్చినట్టు హక్కులు రాసివ్వడానికి వీలు లేదు, మజ్లిస్ అనే ప్రజాప్రతినిధుల సభ ఒప్పుకోవాలి. ఆ రాజ్యాంగం సారాంశం ఇది. ముసద్దిఖ్ ఇస్ఫహాన్ నుంచి తొలి మజ్లిస్‌కు ఎన్నికయ్యారు. కానీ సభ్యుడికి 30 ఏళ్ళు నిండాలన్న నిబంధన ఉంది. ఆయనకు నిండలేదు. కుర్చీ దక్కలేదు.

అప్పుడు ఆయన చదువుకోవడానికి బయలుదేరారు. మొదట పారిస్ వెళ్ళారు. ఆరోగ్యం పాడై తిరిగి వచ్చారు. కోలుకున్నాక మళ్ళీ వెళ్ళి స్విట్జర్లాండ్‌లోని నూషటెల్ విశ్వవిద్యాలయంలో 1914లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. ఆయన పరిశోధనాంశం వింటే మీకు ఆసక్తి కలుగుతుంది. ఇస్లామీ ధర్మశాస్త్రంలో, ముఖ్యంగా షియా ఫిఖ్హ్‌లో, వసియ్యత్, అంటే వీలునామా. చనిపోయినవారు మాట్లాడలేరు. వారి సొమ్ము వారి మాట ప్రకారం, హక్కుదారులకు అన్యాయం జరగకుండా పంచవలసిన బాధ్యత బ్రతికున్నవారిది. ఆ విషయం మీద ఆయన గ్రంథం రాశారు. తిరిగి వచ్చి టెహ్రాన్‌లోని రాజనీతి పాఠశాలలో పాఠాలు కూడా చెప్పారు. ఉపాధ్యాయులం కనుక ఆ సంగతి మేము కాస్త గర్వంగానే చెప్పుకుంటున్నాం.

ఇక్కడ ఆయన తల్లిగారి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. నజ్ముస్సల్తనహ్ గారు టెహ్రాన్‌లో తన సొంత ఆస్తితో ఒక ఆసుపత్రి కట్టించి వక్ఫ్ చేశారు. దాని పేరు నజ్మియ్యహ్ ఆసుపత్రి. 1920ల చివరి సంవత్సరాల మాట ఇది. ఆధునిక వైద్యశాలలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో ఒక ముస్లిం స్త్రీ చేసిన పని ఇది. సదఖయె జారియా అంటే ఏమిటని పిల్లలు అడిగితే మేము ఈ ఆసుపత్రిని ఉదాహరణగా చెబుతాం. ఉద్యోగంలో ఎదురైన అపనిందలకు కొడుకు కుంగిపోయినప్పుడు, ప్రజల పని చేసేవాడు మాటలు పడక తప్పదని ధైర్యం చెప్పింది కూడా ఈ తల్లే. ఈ ఆసుపత్రిని గుర్తు పెట్టుకోండి. కథ చివర మళ్ళీ అక్కడికే వస్తాం.

1920 తరువాత ముసద్దిఖ్ ఫార్స్‌కూ ఆజర్‌బైజాన్‌కూ గవర్నరుగా, ఆర్థికమంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేశారు. 1925లో ఒక పెద్ద పరీక్ష వచ్చింది. సైన్యాధికారి నుంచి ప్రధాని దాకా ఎదిగిన రజా ఖాన్ రాజు కావాలనుకున్నారు. మజ్లిస్‌లో చాలామంది భయంతోనో ఆశతోనో తలలు ఊపారు. నిలబడి కాదన్నవారు కొద్దిమంది. వారిలో ముసద్దిఖ్ ఒకరు. ఆయన వాదన చాలా సూటిగా ఉంది. రజా ఖాన్ సమర్థుడే, దేశానికి మేలు చేశాడు, ఒప్పుకుంటాం. కానీ రాజ్యాంగం ప్రకారం రాజుకు అధికారం ఉండదు. రాజైతే ఆ సమర్థత వృథా అవుతుంది. అలా కాక, రాజై ఉండి అధికారం కూడా చలాయిస్తే, ఆయనను ప్రశ్నించేవారు ఉండరు. అది నిరంకుశత్వం. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది ఆయన ప్రశ్న కాదు. ఆ మనిషి ఎవరికైనా జవాబు చెప్పుకోవాలా లేదా అన్నదే ప్రశ్న.

రజా ఖాన్ రజా షా అయ్యారు. ముసద్దిఖ్ కొన్నేళ్ళలో రాజకీయాలు వదిలి, టెహ్రాన్‌కు పడమరగా ఉన్న అహ్మదాబాద్ అనే తన పల్లెకు చేరారు. 1940లో ఆయనను పట్టుకుని దూరాన బీర్జంద్ జైలులో పెట్టారు, తరువాత అహ్మదాబాద్‌లోనే నిర్బంధంలో ఉంచారు. 1941లో మిత్రరాజ్యాల సైన్యాలు ఇరాన్‌లోకి వచ్చి, రజా షా గద్దె దిగాక గానీ ఆయనకు విడుదల దొరకలేదు. రజా షా కుమారుడు ముహమ్మద్ రజా షా అయ్యారు.

ఇప్పుడు చమురు సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

1901లో అప్పటి షా, విలియం డార్సీ అనే ఒక వ్యాపారికి దేశంలో చాలా భాగంలో 60 సంవత్సరాల పాటు చమురు తవ్వుకునే హక్కు రాసిచ్చారు. ప్రతిఫలం 20,000 పౌండ్ల నగదు, అంతే విలువ గల వాటాలు, ఏటా నికర లాభంలో 16 శాతం. మజ్లిస్ ఇంకా పుట్టలేదు. అడిగేవారు లేరు. 1908లో మస్జిదె సులేమాన్ అనే చోట చమురు పడింది. మరుసటి ఏడాది కంపెనీ పెట్టారు. 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే అందులో సగానికి పైగా వాటా కొనేసింది. అబాదాన్ దగ్గర కట్టిన శుద్ధి కర్మాగారం ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరు పొందింది. మన దేశం నుంచి కూడా వేలమంది పనివాళ్ళు, గుమాస్తాలు అక్కడికి వెళ్ళారు. 1920లో భారతీయ కార్మికులు అక్కడ జీతాల కోసం సమ్మె కూడా చేశారు. దొరలకు పచ్చిక బయళ్ళు, ఈత కొలనులు. ఇరానీ కూలీలకు రేకులతో, అట్టలతో కట్టుకున్న గుడిసెలు.

1933లో రజా షా పాత ఒప్పందం రద్దు చేసి కొత్తది చేసుకున్నారు. కానీ దానివల్ల కంపెనీ గడువు 1993 దాకా పెరిగింది. ఇక అసలు బాధ ఏమిటంటే, ఇరాన్ వాటా లాభాన్ని బట్టి ఉంటుంది. లాభం ఎంతో కంపెనీ చెబుతుంది. కంపెనీ ఖాతా పుస్తకాలు ఇరాన్ వాళ్ళు తనిఖీ చేయడానికి కంపెనీ ఒప్పుకోదు. భూమి వీళ్ళది, చమురు వీళ్ళది, లెక్క మాత్రం వాళ్ళది. 1950 నాటికి ఆ కంపెనీ బ్రిటన్ ఖజానాకు కట్టే పన్ను, ఇరాన్‌కు ఇచ్చే రాయల్టీ కంటే ఎక్కువగా ఉండేది. అదే ఏడాది చివర్లో పక్కనున్న సౌదీ అరేబియాకు అమెరికా కంపెనీ సగం లాభం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇరాన్ ప్రజల కడుపు మండడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ముస్తౌఫీగా పెరిగిన మనిషికి ఇది చూస్తూ ఊరుకోవడం కుదరలేదు. 1944లో టెహ్రాన్ నుంచి మజ్లిస్‌కు ఎన్నికైన ముసద్దిఖ్, ఏ మంత్రీ విదేశీయులతో చమురు హక్కుల బేరాలు ఆడకూడదని ఆ ఏడాదే చట్టం చేయించారు. అప్పుడు రష్యా కూడా ఉత్తరాన చమురు హక్కులు అడుగుతోంది. ఒకరికి ఇచ్చాం కనుక ఇంకొకరికీ ఇద్దాం అనడం ఆయనకు నచ్చలేదు. 1949లో మిత్రులతో కలిసి నేషనల్ ఫ్రంట్ స్థాపించారు. 1951 మార్చిలో మజ్లిస్, సెనేట్ రెండూ చమురు జాతీయం చట్టాన్ని ఆమోదించాయి. ఏప్రిల్ చివర్లో ముసద్దిఖ్ ప్రధాని అయ్యారు. వయసు డెబ్బైకి దగ్గర. ఆరోగ్యం అంతంత మాత్రం. మంచం మీద పడుకునే మంత్రులతో, రాయబారులతో మాట్లాడేవారు. విదేశీ పత్రికలు ఆయన పైజామాను, కన్నీళ్ళను చూసి నవ్వాయి.

కానీ ఆయన చేయించిన చట్టంలో ఏముందో ఆ పత్రికలు సరిగా రాయలేదు. అది పరుల సొమ్ము లాక్కునే చట్టం కాదు. కంపెనీకి న్యాయంగా రావలసిన పరిహారం కోసం, ఖర్చులు పోను మిగిలిన ఆదాయంలో 25 శాతం వరకు బ్యాంకులో విడిగా ఉంచుతామని అందులో రాశారు. పాత కొనుగోలుదారులకు న్యాయమైన ధరకు చమురు అమ్ముతామని రాశారు. ఇంకో సంగతి మాకు చాలా ఇష్టం. పోటీ పరీక్ష పెట్టి, నెగ్గిన విద్యార్థులను చమురు విద్య నేర్చుకోవడానికి విదేశాలకు పంపాలని, ఆ ఖర్చు చమురు ఆదాయం నుంచే పెట్టాలని కూడా రాశారు. హక్కు మనదంటే చాలదు, ఆ పని చేయగల పిల్లలు మనకు ఉండాలి. ఈ రోజు ఇక్కడ కూర్చున్న పిల్లలు ఆ మాట గుర్తుంచుకోవాలి.

బ్రిటన్ ఒప్పుకోలేదు. యుద్ధనౌకలు తీరానికి వచ్చాయి. ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా కట్టడి చేశారు. నిపుణులందరూ 1951 అక్టోబరులో అబాదాన్ వదిలి వెళ్ళారు. బ్రిటన్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ముసద్దిఖ్ స్వయంగా న్యూయార్క్ వెళ్ళి వాదించారు. అప్పుడు మన భారతదేశం కూడా ఆ మండలిలో సభ్యురాలు. బ్రిటన్ తీర్మానాన్ని మెత్తబరచి, ఇరుపక్షాలూ మళ్ళీ మాట్లాడుకోవాలని సవరణలు ప్రతిపాదించినవారిలో యుగోస్లావియాతో పాటు మన దేశం ఉంది. 1952 జూన్‌లో ఆయన హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు కూడా నిలబడ్డారు. జూలై 22న తీర్పు వచ్చింది. 1933 నాటిది ఒక ప్రభుత్వం ఒక కంపెనీతో చేసుకున్న ఒప్పందమే గానీ రెండు దేశాల సంధి కాదు, కనుక ఈ తగాదా విచారించే అధికారం తమకు లేదని 9 మంది న్యాయమూర్తులు, ఉందని 5గురు చెప్పారు. ఆ 9 మందిలో బ్రిటన్‌కు చెందిన న్యాయమూర్తి మెక్‌నెయిర్ ఒకరు. న్యాయం చెప్పేటప్పుడు మనవాడా పరాయివాడా అని చూడకూడదని మన ధర్మం కూడా చెబుతుంది. ఆ న్యాయమూర్తికి దక్కవలసిన గౌరవం కూడా ఇక్కడ ఇవ్వాలి.

ఇంటిలోపల ఆయన ఎలా పాలించారు? ప్రధాని అయిన తొలి రోజుల్లోనే పోలీసు శాఖకు ఒక ఆదేశం పంపారు. పత్రికల్లో తన మీద ఎవరు ఏం రాసినా, ఎంత తిట్టినా, కేసు పెట్టవద్దని. భూస్వాములు తమ పంట వాటాలో 20 శాతం వదులుకోవాలని, అందులో సగం రైతుకు, సగం గ్రామ అవసరాలకు చెందాలని 1952లో ఉత్తర్వు చేశారు. ఆయన కూడా భూస్వామే. అంటే తన జేబు నుంచి కూడా తీశారన్నమాట. కార్మికులకు సాంఘిక బీమా, వకీళ్ళ సంఘానికి ప్రభుత్వం నుంచి స్వాతంత్ర్యం ఆయన కాలంలో వచ్చినవే. చమురు ఆదాయం ఆగిపోయి ఖజానా ఖాళీ అయినప్పుడు ప్రభుత్వం ప్రజల నుంచే జాతీయ రుణం అడిగింది. మామూలు మనుషులు ఆ రుణపత్రాలు కొన్నారు. ప్రజలకు ఎవరి మీద నమ్మకం ఉందో చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు.

1952 జూలైలో యుద్ధమంత్రి పదవి విషయంలో షాతో తగాదా వచ్చి ముసద్దిఖ్ రాజీనామా చేశారు. జనం వీధుల్లోకి వచ్చారు. ఇరాన్ పంచాంగం ప్రకారం తీర్ నెల 30వ తేదీన, అంటే జూలై 21న, తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చారు. షా దిగివచ్చి ఆయనను మళ్ళీ ప్రధానిని చేశారు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఈ ప్రసంగం చప్పట్లతో ముగుస్తుంది. కానీ మంచివారి తప్పులు దాచి చెబితే పిల్లలకు మేలు జరగదని మా అనుభవం. అందుకే ఆయన పొరపాటు కూడా చెబుతాం.

ఆ గెలుపు తరువాత ముసద్దిఖ్ మజ్లిస్‌ను అడిగి, సభతో నిమిత్తం లేకుండా చట్టాలు చేసే అధికారం ఆరు నెలలకు తీసుకున్నారు. తరువాత దాన్ని ఇంకో ఏడాది పొడిగించుకున్నారు. దేశం కష్టంలో ఉంది, పనులు త్వరగా జరగాలి, నిజమే. కానీ వెంట నిలిచినవారు కొందరు దూరమయ్యారు. మొదట్లో ఆయనకు పెద్ద అండగా ఉన్న ఆయతుల్లాహ్ కాషానీ కూడా విడిపోయారు. 1953 ఆగస్టులో మజ్లిస్‌ను రద్దు చేయాలా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. అవును అనేవారికి ఒక చోట, కాదు అనేవారికి ఇంకో చోట ఓటు పెట్టారు. ఎవరు ఎటు వెళ్తున్నారో వీధిలో అందరికీ కనిపిస్తుంది. అవును అన్నవి 20 లక్షలకు పైగా, కాదన్నవి రెండు వేలు కూడా లేవు. 1925లో, ప్రశ్నించేవారు లేని అధికారం ప్రమాదమని నిలబడి చెప్పిన మనిషే, 1953లో ప్రశ్నించే సభను మూయించారు. ఆయన ఉద్దేశం చెడ్డదని మేము అనడం లేదు. ఉద్దేశం మంచిదైనా, అడిగేవారు లేకపోతే మంచివారి అడుగు కూడా తడబడుతుందని అంటున్నాం. శత్రువులకు కావలసిన సందు అక్కడే దొరికింది.

ఆ శత్రువులు చేసింది మాత్రం పొరపాటు కాదు, ద్రోహం. బ్రిటన్, అమెరికా గూఢచారి సంస్థలు కలిసి కుట్ర పన్నాయి. పత్రికలకు, రౌడీ మూకలకు డబ్బు పంచారు. ఆగస్టు 15 రాత్రి మొదటి ప్రయత్నం విఫలమైంది. షా బాగ్దాద్‌కు, అక్కడినుంచి రోమ్‌కు పారిపోయారు. ఆగస్టు 19న రెండో ప్రయత్నం ఫలించింది. ట్యాంకులు ముసద్దిఖ్ ఇంటిని కూల్చాయి. ఆయన గోడ దాటి బయటపడి, మరునాడు తానే వచ్చి లొంగిపోయారు. ఆ పనిలో తమ పాత్ర ఉందని అమెరికా గూఢచారి సంస్థ పత్రాలే 2013లో ఒప్పుకున్నాయి. ఒప్పుకోవడానికి 60 ఏళ్ళు పట్టింది.

సైనిక న్యాయస్థానం ఆయనకు మూడేళ్ళు ఒంటరి జైలు వేసింది. విదేశాంగ మంత్రిగా ఉన్న హుసేన్ ఫాతిమీని 1954లో కాల్చి చంపారు. అదే ఏడు చమురును విదేశీ కంపెనీల కూటమికి అప్పగించారు. పాత కంపెనీకి 40 శాతం, అమెరికా కంపెనీలకు 40 శాతం, మిగతాది ఇంకో రెండు కంపెనీలకు. అయితే ఒకటి గమనించాలి. ఇంతకుముందు 16 శాతం దగ్గర మొదలైన ఇరాన్ వాటా ఇప్పుడు సగానికి వచ్చింది. చమురు ఇరాన్ సొత్తు అన్న మాటను కాగితం మీదనైనా ఎవరూ తీసెయ్యలేకపోయారు. 1956లో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. ఇంకో ఇరవై ఏళ్ళకు మన దేశం కూడా విదేశీ చమురు కంపెనీలను చట్టం చేసి, పరిహారం ఇచ్చి, తీసుకుంది. విశాఖపట్నంలోని కాల్టెక్స్ రిఫైనరీ అలాగే ప్రభుత్వానిదై, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. మన వంటింట్లో వెలిగే గ్యాసు వెనుక కూడా ఇంత చరిత్ర ఉంది.

జైలు ముగిశాక ముసద్దిఖ్‌ను అహ్మదాబాద్‌లో నిర్బంధించారు. ఊరు దాటడానికి వీలు లేదు. కావలసినవారు తప్ప ఎవరూ రాకూడదు. చివరిదాకా, దాదాపు పదకొండేళ్ళు అలాగే గడిపారు. అక్కడ కూర్చుని తన జ్ఞాపకాలు రాసుకున్నారు. చివరికి దవడలో క్యాన్సర్ వచ్చింది. చికిత్సకు టెహ్రాన్ తీసుకువచ్చారు. 1967 మార్చి 5న ఆయన కన్నుమూసింది ఎక్కడో తెలుసా? తల్లిగారు వక్ఫ్ చేసిన నజ్మియ్యహ్ ఆసుపత్రిలో. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. కన్నతల్లి పేదల కోసం పరిచిన మంచం చివరికి కన్నకొడుకుకు ఆసరా అయింది. ప్రధాని పదవి పోయింది, ఇల్లు కూలింది, చమురు చేజారింది. వక్ఫ్ మాత్రం నిలిచింది.

జూలై 21న ప్రాణాలిచ్చిన వారి పక్కన తనను ఖననం చేయాలని ఆయన వసియ్యత్ చేశారు. షా ఒప్పుకోలేదు. వీలునామా మీద డాక్టరేటు రాసిన మనిషి చివరి వీలునామా నెరవేరలేదు. అహ్మదాబాద్‌లో ఆయన ఇంట్లోనే, భోజనాల గదిలో, ఖబ్ర్ తవ్వారు. షా గద్దె దిగిపోయాక, 1979 మార్చి 5న, లక్షలాది జనం ఆ పల్లెకు వెళ్ళి ఫాతిహా చదివారు.

సోదర సోదరీమణులారా, ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒక ఊళ్ళో కొందరం కలిసి బీద పిల్లల ఫీజుల కోసం ఒక నిధి పెట్టుకున్నాం. సొమ్ము ఒక పెద్దాయన దగ్గర ఉండేది. మొదటి సఫ్‌లో నమాజు చేసే మనిషి, పరాయి పైసా ముట్టని మనిషి. లెక్కలన్నీ ఆయన తలలోనే ఉండేవి. 'చాచా, ఒక పుస్తకంలో రాసిపెడితే బాగుంటుందేమో' అని అడగాలని మాకు చాలాసార్లు అనిపించింది. అడగలేదు. పెద్దవారిని లెక్క అడగడం బేఅదబీ అనుకున్నాం. ఒక ఏడు రంజాన్ అయిన కొద్ది రోజులకే ఆయన హఠాత్తుగా చనిపోయారు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎక్కడ ఎంత ఉందో ఒక్కరికీ తెలియదు. ఇచ్చినవాళ్ళు ఒకరినొకరు అనుమానించుకున్నారు. తండ్రి మీద నింద పడిందని ఆయన కొడుకులు మసీదు మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. ఆ ఏడు ఆరుగురు పిల్లలకు ఫీజు కట్టలేకపోయాం. అందులో ఒక అమ్మాయి క్లాసులో అందరికన్నా ముందుండేది. తొమ్మిదో తరగతితో చదువు మానేసి బీడీలు చుట్టడానికి కూర్చుంది. తరువాత ఎప్పుడు బజారులో కనిపించినా 'అస్సలామలైకుమ్ సార్' అనేది. జవాబు చెప్పడానికి మాకు గొంతు పెగిలేది కాదు.

అక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు. తప్పు ఆ పెద్దాయనది కూడా కాదు. అడగవలసిన వాళ్ళం అడగలేదు. తప్పు మాది. అడిగి ఉంటే ఆయన గౌరవం నిలిచేది, ఆ అమ్మాయి చదువు నిలిచేది.

అందుకే దాతలకు ఒక విన్నపం. మీరు జకాత్ ఇచ్చినా, సదఖా ఇచ్చినా, రసీదు అడిగి తీసుకోండి. ఈ సభలో జమాఖర్చులు చదివేటప్పుడు బిర్యానీ వాసన వైపు మనసు పోనివ్వకుండా వినండి. అర్థం కాని పద్దు ఉంటే లేచి నిలబడి అడగండి. జకాత్ సొమ్ము ఎవరికి చేరింది, మామూలు విరాళం దేనికి ఖర్చయింది అని విడివిడిగా అడగండి. కార్యవర్గం వారికి ఇంకో విన్నపం. అడిగితే నొచ్చుకోవద్దు. తన మీద ఏం రాసినా కేసు పెట్టవద్దన్న ఆ ప్రధానిని గుర్తు తెచ్చుకోండి. అడిగేవాడు మనకు శత్రువు కాదు. మనం తడబడకుండా చెయ్యి పట్టుకునేవాడు. అమానతును హక్కుదారుకు అప్పగించమన్నది అల్లాహ్ ఆజ్ఞ. ఆ అప్పగింతలో లెక్క చెప్పడం కూడా ఒక భాగమే.

పిల్లలకు ఒక్క మాట. మీ చేతికి వచ్చే చెక్కు ఎవరి దయా కాదు. అది మీ దగ్గర పెట్టిన అమానతు. బాగా చదివి, రేపు మీరు ఈ కుర్చీల్లో కూర్చున్నప్పుడు, మమ్మల్ని కూడా లెక్క అడగండి. మేము సంతోషిస్తాం.

ఇక కోశాధికారి గారు పట్టిక చదువుతారు. అందరం శ్రద్ధగా విందాం. మన సదఖాలో సిద్ఖ్ ఉండేలా అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.